ఆరు గుంటల అరుగు

ఆత్మకూరులో ప్రమీలారాణి తక్కెడలో ఊగకుండా పెరిగిన పిల్లలు తక్కువ. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె అంగన్‌వాడీ టీచరు. బిడ్డ బరువు తగ్గితే తల్లిని నిలబెట్టి కడిగేస్తుంది. బాలింతకు ఇచ్చిన గుడ్లు మొగుడు తినేశాడని తెలిస్తే, అతను టీ అంగట్లో నలుగురిలో కూర్చుని ఉండగానే వెళ్లి అడిగేస్తుంది. నోరు పెద్దదే గానీ మనసులో ఏమీ పెట్టుకోదని ఊళ్లో అంటారు. ఈ రెండో మాట మాత్రం తప్పు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె మనసులో ఒక సంగతి ఉండిపోయింది. వాళ్లమ్మ అసలు పేరేమిటో ఆమెకు తెలియదు.

అమ్మకూ తెలియదు. వచ్చిన కష్టమంతా అదే.

అమ్మను లోకమంతా ఎస్తేరమ్మ అనే పిలిచింది. మిషన్ బోర్డింగులో ముప్పై ఏళ్లు వంట చేసినప్పుడూ, చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చున్నప్పుడూ, ఆధార్ కార్డులోనూ, పింఛను పుస్తకంలోనూ ఆమె ఎస్తేరమ్మే. అయితే అది బోర్డింగువాళ్లు పెట్టిన పేరు. దానికి ముందు ఐదేళ్లు ఆమె ఇంకెవరో. పెద్ద కరువు వచ్చిన ఏడు, ఉదయగిరి మెట్టల్లో తాగడానికి కూడా నీళ్లు లేనప్పుడు, తండ్రి ఆమెను భుజాన ఎక్కించుకుని రెండు రోజులు నడిచి ఆత్మకూరు తెచ్చాడు. మిషన్ కాంపౌండులో పిల్లలకు గంజి పోస్తున్నారు. ఆ వరసలో కూర్చోబెట్టి, "వానలు పడినాక వొచ్చి ఎత్తుకపోతా, ఏడవబాక" అని చెప్పి, గంజి అయ్యేలోపే వెళ్లిపోయాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరి పేరు చెప్పలేదు, తన పేరు చెప్పలేదు. ఆ ఏడు అలా వదిలిపెట్టిన పిల్లలు ఆమె ఒక్కతే కాదు. పేరేమిటని అడిగితే ఆ పిల్ల చిన్నమ్మి అంది. మెట్టల్లో ఏ ఇంట్లోనైనా చిన్న ఆడపిల్లను చిన్నమ్మీ అనే పిలుస్తారు. అది పేరు కిందికి రాదని ఎవరో చెబితే, బోర్డింగువాళ్లు ఎస్తేరు అని రాసుకున్నారు.

వానలు ఆలస్యంగానైనా పడ్డాయి. తండ్రి రాలేదు.

ఎస్తేరమ్మ మాత్రం రాలేదని ఎన్నడూ అనలేదు. "మా నాయన వొచ్చే ఉంటాడు" అనేది. "వొచ్చి నా పాత పేరు జెప్పి అడిగి ఉంటాడు. అట్టాంటి పిల్ల ఈడ లేదని పంపించేసి ఉంటారు. అందరూ నన్ను ఎస్తేరని పిలస్తా ఉంటే ఆయనకెట్టా తెలస్తాది?" డెబ్బై ఏళ్లు ఆమె ఈ ఒక్క మాట పట్టుకుని బతికింది. తండ్రి మీద కోపం లేదు, బోర్డింగు మీద కోపం లేదు. ప్రమీలారాణి చిన్నప్పుడు ఈ మాట నమ్మింది. కాస్త పెద్దయ్యాక నమ్మినట్టు ఊఁ కొట్టింది. తనకూ ఒక బిడ్డ పుట్టాక మళ్లీ నిజంగానే నమ్మడం మొదలుపెట్టింది. నమ్మకపోతే ఏమనుకోవాలో ఆలోచించే ధైర్యం ఆమెకు లేకపోయింది.

పోయిన జూలైలో ఎస్తేరమ్మ చనిపోయింది. మంచంలో ఉన్న ఆఖరు వారం కూతురితో ఒకటే మాట. "రాణీ, నా రాయి మీద ఎస్తేరమ్మ అని రాయించు. దాని కింద నా పాత పేరు గూడా రాయించు. నాయన యాడుంటాడులే ఇంక. ఆయన బిడ్డలెవురన్నా ఎతుక్కుంటా వొస్తే తెలవాల గదా."

"అట్నే లేమ్మా" అంది ప్రమీలారాణి. ఎలా అని అప్పుడు ఆలోచించలేదు. చనిపోయేవాళ్లకు కాదని చెప్పలేం గదా.

సమాధి కట్టించారు, సున్నం కొట్టారు. రాయి మాత్రం పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి జ్ఞాపక కూడిక పెట్టాలి, ఆ రోజు పాస్టరుగారు రాయి ముందర నిలబడి ప్రార్థన చేయాలి. భర్త శాంతికుమార్ బస్సు డిపోలో మెకానిక్కు, మంచివాడు, కాకపోతే ఏ బోల్టు అయినా బిగించేసి ఇంటికి పోదామనే రకం. "ఎస్తేరమ్మ అని రాయిచ్చేస్తే అయిపోతాది గదా" అని మూడుసార్లు అన్నాడు. మూడోసారి ఆమె చూసిన చూపుకు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అప్పటినుంచి ప్రమీలారాణి రెండో శనివారం వస్తే చాలు, సంచిలో నీళ్లసీసా, గొడుగు, అమ్మ ఫొటో ఉన్న ఫోను పెట్టుకుని ఉదయగిరి బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న ఆనవాళ్లు రెండు. సాయంత్రం పొద్దు దుర్గం కొండ వెనక్కి దిగేదని అమ్మ చెప్పేది. అంటే ఆ ఊరు కొండకు తూర్పున ఉండాలి. అటు దిక్కున ఉన్న ఊళ్లకు లెక్క లేదు. ఇక రెండోది అరుగు. ఇంటి ముందు అరుగు మీద పరిచిన నల్లబండలో వామనగుంటలు తొలిచి ఉన్నాయట. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. ఒక మూల బండ విరిగిపోయి ఒక వరసలో ఆరే మిగిలాయి. ఆ పక్క కూర్చున్నవాళ్లు ఏడో గుంటలో వేయాల్సిన చింతపిక్కలు ఒళ్లో పెట్టుకుని ఆడాలి. ఎస్తేరమ్మ జన్మంతా అలాగే ఆడింది. బోర్డింగు వరండాలో సుద్దతో గీసుకుని ఆడినా తన పక్క ఆరే గీసుకునేది. ఆట మధ్యలో ఎవరైనా పిలిస్తే ఒళ్లో పిక్కల సంగతి మరిచిపోయి గభాలున లేచేది, అవన్నీ చెల్లాచెదురయ్యేవి. "ఏడు గీసుకుంటే నీ సొమ్మేం పోయిందమ్మా" అని కూతురు విసుక్కుంటే, "మా ఇంట్లో ఆరే" అనేది.

పాత ఇళ్లు వెతుక్కుంటూ పోవడం ఇప్పుడు పెద్ద ఫ్యాషను. తాతల నాటి ఇంటి ముందు కుటుంబమంతా నిలబడి ఫొటోలు దిగుతారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, సాయంత్రానికి కార్లెక్కి వెళ్లిపోతారు. వాళ్లకు ఇల్లెక్కడుందో తెలుసు, అందులో ఎవరెవరు పుట్టారో తెలుసు. ప్రమీలారాణి పోయింది ఎవరింటికో తెలియని ఇంటికి. ఊళ్లో దిగి, ఇంటింటి సర్వే చేసే అలవాటు కొద్దీ మొదటి వీధి మొదటి ఇంటినుంచి మొదలుపెట్టేది. పాత అరుగులున్నాయా అని చూసేది. ఉంటే తలుపు కొట్టి, "కరువు ఏడు మీ ఇంట్లో పిల్లనెవర్నన్నా బోర్డింగులో వదిలినారా?" అని అడిగేది.

ఆ ప్రశ్న వినగానే జనం మొహాలు మారిపోయేవి. మేము బిడ్డల్ని పారేసేవాళ్లలా కనపడుతున్నామా అని ఒకాయన చెప్పు తీసినంత పని చేశాడు. ఇంకొకాయన అంతా శ్రద్ధగా విని, "అంటే ఆడపిల్ల భాగం కావాలంటావు. ఏ సర్వే నంబర్లో?" అని అడిగాడు. ఆ తరువాత ప్రమీలారాణి తెలివి తెచ్చుకుని, నేను భాగం కోసం రాలేదు అని ముందే చెప్పడం మొదలుపెట్టింది. దానితో అంతవరకూ భాగం గురించి ఆలోచించనివాళ్లకు కూడా అనుమానం పుట్టేది. ఒక ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరని తెలిసి, మా సెంటర్లో పాలు సరిగా ఇవ్వడం లేదని గంటసేపు పంచాయితీ పెట్టారు. ఎండలో నిలబడి అదంతా విని, న్యాయమే అని ఒప్పుకుని, బస్సెక్కి వచ్చేసింది.

వరికుంటపాడు దగ్గర ఒక పల్లెలో మాత్రం రేణుకాదేవి అనే ముసలామె ఆమెను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. ఆ అరుగు మీదా వామనగుంటలున్నాయి గానీ రెండు వరసలూ ఏడేసి నిండుగా ఉన్నాయి. "ఆరైతే ఏంది, ఏడైతే ఏంది?" అంది ఆమె. "మా పెద్దత్త కూతురొకతి కరువులో తప్పిపోయింది. దాని పేరు వెంగమ్మ. మీయమ్మ అదే అయ్యుంటాది. కూసో, రెండు ముద్దలు తిను." ఆ ముసలామెకు నా అన్నవాళ్లు ఎవరూ లేరని, ఎవరో ఒకరు చుట్టమైతే చాలని ప్రమీలారాణికి అర్థమవుతూనే ఉంది. అయినా తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెంగమ్మ, వెంగమ్మ అని గంటసేపు లోపల్లోపల అనుకుంది. బాగానే ఉంది పేరు. రాయి మీద చెక్కించేస్తే అడిగేవాళ్లు ఎవరు? ఆత్మకూరులో దిగేటప్పటికి తన మీద తనకే సిగ్గేసింది. అమ్మకు ఒకసారి ఎవరో పేరు పెట్టేశారు. రెండోసారి తను కూడా ఆ పని చేయకూడదనుకుంది.

పదకొండో నెలలో ఆశ వదిలేసింది. ఆ శనివారం ఉదయగిరిలో బస్సు దిగి, ఊళ్లమీదికి పోవడానికి కాళ్లు రాక, బస్టాండు దగ్గర చెక్క గరిటెలు చేసి అమ్మే కొండలయ్య దగ్గర కూర్చుంది. కూతురు ఏంజెలిన్ నెల్లూరులో నర్సు, గరిటెలు కావాలని ఎప్పటినుంచో అడుగుతోంది. కొండలయ్య గరిటె నున్నగా రుద్దుతూ, నెలనెలా ఎందుకొస్తున్నావమ్మా అని మాటవరసకు అడిగాడు. ఆమె కూడా మాటవరసకే చెప్పింది. అరుగు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

"ఒక పక్క ఆరే గుంటలా? మూల ఇరిగి?" అన్నాడు. "ఆ బండ మా అత్తోళ్ల ఊర్లో ఉండాదమ్మా. పెళ్లయిన కొత్తలో నేనే ఆడినా ఆడ. ఆరు పక్కన నన్ను కూసోబెట్టి, పిక్కలు పంచెలో పోసుకోమని మా బామ్మరదులు ఒకటే నవ్వడం."

ఆమె గరిటెలు అక్కడే మరిచిపోయింది.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంట్లో మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. రోడ్డుమీద షేర్ ఆటో దిగి మైలు దూరం నడిస్తే పొగాకు చేల నడుమ వస్తుంది. పాతిల్లు సగం కూలిపోయింది. పక్కనే కొత్తగా శ్లాబు ఇల్లు కట్టుకుని అందులో ఉంటున్నారు. పాతింట్లో మోటారు పైపులు, యూరియా సంచులు, విరిగిన మంచం. అరుగు మాత్రం చెక్కుచెదరలేదు. బండ మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ప్రమీలారాణి ఒంగి మిరపకాయలు ఒక పక్కకు జరిపింది. ఒక వరస ఏడు. ఇంకో వరస ఆరు, ఏడోదాని దగ్గర రాయి విరిగి నున్నగా అరిగిపోయింది. ఒక్కొక్క గుంటలో వేలు పెట్టి చూసింది. అమ్మ వేలు ఇక్కడ తగిలింది, ఐదేళ్ల పిల్ల వేలు. ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. ఆమె జీవితంలో అంత సంతోషం అంతకు ముందెప్పుడూ లేదు.

"ఎవురు మే నువ్వు? మిరపకాయలెందుకు కదిలిస్తుండావు?" అంటూ శ్లాబింట్లోంచి రాఘవమ్మ వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు, డెబ్బైకి దగ్గర. బొట్టు లేని నుదురు, కన్నీళ్లు, కారం అంటిన వేళ్లు చూసి కంగారుపడి మొగుణ్ని కేకేసింది. ఆయన మాలకొండయ్య, డెబ్బై అయిదేళ్లవాడు. నడుం కాస్త వంగింది గానీ గొంతు ఖణేల్‌మంటుంది.

ప్రమీలారాణి ఎప్పటి ప్రశ్నే అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బోర్డింగులోనా? లేదమ్మా. నాకొక అక్క ఉన్నిందంట. కరువులో జ్వరమొచ్చి చచ్చిపోయింది. నాకప్పుడు రెండేళ్లు, ఏం తెలస్తాది?"

"చచ్చిపోలేదు" అంది ప్రమీలారాణి. "పోయిన జూలైలో చనిపోయింది."

ఆమె ఫోను తీసి ఫొటో చూపించింది. మాలకొండయ్య దాన్ని ఎండలోంచి నీడలోకి తెచ్చి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "రాఘవమ్మా, ఇట్టరా" అన్నాడు. "మా అమ్మ గాదా ఇది?" రాఘవమ్మ చూసి, అత్త మాదిరే ఉండాదని నోటిమీద చెయ్యేసుకుంది. ఒళ్లో పిక్కలు పెట్టుకుని ఆడే సంగతి చెప్పగానే ఆ ముసలాయన అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాఘవమ్మ నీళ్లు తెచ్చింది, కాఫీ తెచ్చింది, నిమ్మళంగా కూర్చోమని పీట వేసింది. పెళ్లయిందా అక్కకు, ఎంతమంది బిడ్డలు, మొగుడు మంచోడేనా, కడుపునిండా తినిందా అని ఆయన ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. సమాధి రాయి సంగతి, అమ్మ అడిగిన ఆఖరు కోరిక కూడా చెప్పింది. పేరు అడగడానికి నోరు తెరిచేంతలో ఆయన ఇంకో ప్రశ్న వేశాడు.

"యాడ ఉన్నిందమ్మా ఇంతకాలం?"

"ఆత్మకూరులో. ఆడే మిషన్ కాంపౌండులో పెరిగింది."

"ఆత్మకూరా!" మాలకొండయ్య మొహం వెలిగిపోయింది. కళ్లు తుడుచుకున్నాడు. "మా నాయనకూ ఆత్మకూరుకూ ఒక కత ఉండాది, ఇంటావా? ఈ ఊర్లో ఎవుర్నన్నా అడుగు, జెప్తారు. కరువులో జనమంతా గొడ్లను కటికోళ్లకు తోలేసినారు. మా నాయన తోలలా. ఉన్న జత ఎద్దుల్నీ ఆత్మకూరు చెరువు కింద ఒక ఎరుకైన ఆసామి కాడ మేతకు వదిలిపెట్టినాడు. ఈడ మేము గడ్డలు తవ్వుకుని తిన్నాం. వానలు పడినాయి. పడిన నాలుగోనాడే బయల్దేరినాడు. కాళ్లకు చెప్పుల్లేవు. రెండు దినాలు నడిచిపోతే, ఆ ఆసామి ఏమన్నాడో తెలుసునా? నీ ఎద్దులు చచ్చిపోయినాయి, పూడ్చేసినామన్నాడు."

"అయ్యో" అంది ప్రమీలారాణి.

"మంచి జత గదా, వాడు ఆశపడినాడు. ఇంకొకడైతే ఏడుచుకుంటా ఎనక్కి వచ్చేసేవోడు. మా నాయన నమ్మలా. నా గొడ్లు చచ్చిపోతే నాకు తెలవదా అన్నాడు. కొట్టం బయట నిలబడుకొని పేర్లు పెట్టి పిలిచినాడు. లోపల్నించి రెండూ ఒక్కపాలిగా అరిచినాయంట! ఇంక ఆసామి ఏం మాట్లాడతాడు? తలుపు తీసినాడు. ఒకదానికి గిట్టలో మేకు దిగి నడవలేకుండా ఉండాది. మా నాయన ఆకు నూరి కట్టి, దాని కాడనే పడుకున్నాడు. మూడు దినాలు. మూడు దినాలూ కొట్టం వదిలి ఇవతలకు రాలా. మిషనోళ్ల గోడకు ఆనుకునే ఉంటాదంట ఆ కొట్టం. అవతల పిలకాయలు పాటలు పాడేది ఇనపడేదని చెప్పే..."

ఆయన మాట ఆగిపోయింది. తను ఏం చెబుతున్నాడో ఆయనకు అప్పుడు వినిపించింది. ఈ కథను ఆయన తండ్రి నోట వందసార్లు విని ఉంటాడు, తను ఇంకో వందసార్లు చెప్పి ఉంటాడు. పిల్లలకు చెప్పాడు, కోడళ్లకు చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పాడు. ఎప్పుడూ అందరూ మెచ్చుకున్నారు.

రాఘవమ్మ కాఫీ గ్లాసులు తీసుకోబోయి అలాగే నిలబడిపోయింది.

"ఎద్దుల్ని వదిలేదానికి పోయినప్పుడే మిషనోళ్లు గంజి పోసేది చూసుంటాడు" అన్నాడు మాలకొండయ్య మెల్లిగా, తనలో తను లెక్కవేసుకుంటున్నట్టు. "అందుకే ఆడికి తీసకపోయినాడు. ఎద్దుల్ని తోలుకోనొచ్చినాక, పిల్లేదని అమ్మ అడిగిందంట. జ్వరమొచ్చి పోయింది, పూడ్చేసినారన్నాడు. అమ్మ తల బాదుకునింది. దినాలు గూడా చేసినారు." "ఇంట్లో తినేదానికి లేదమ్మా అప్పటికీ. ఆడైతే రెండు పూట్లా గంజి పోస్తా ఉండారని..." అన్నాడు.

ప్రమీలారాణికి అంతా అర్థమైంది. తండ్రి వచ్చాడు. అమ్మ డెబ్బై ఏళ్లు చెప్పింది నిజమే, వచ్చాడు. ఇటుక గోడకు అవతల మూడు రోజులున్నాడు. చిన్నమ్మీ అని ఒక్క కేక వేసి ఉంటే వినపడేది. ఎవరూ ఆయన్ను వెనక్కి పంపించలేదు. ఆయన అడగనే లేదు. తన తల్లి జన్మంతా పోగుచేసి కట్టుకున్న ఊరట అంతా ఈ అరుగు మీద, ఈ ముసలాయన ముచ్చటగా చెప్పిన కథలో ఒక్క నిమిషంలో కూలిపోయింది. ఈ ఇల్లు దొరక్కుండా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. పదకొండు నెలలు తను ఎండల్లో తిరిగింది దీనికోసమా అనిపించింది. కొండలయ్య దగ్గర గరిటెలు కొనుక్కుని ఇంటికి పోయి ఉంటే, అమ్మ చెప్పింది నమ్ముకుంటూ తనూ ఒకరోజు హాయిగా చచ్చిపోయేది.

అయినా వచ్చిన పని ఒకటి మిగిలి ఉంది.

"ఎద్దుల పేర్లేంది?" అని అడిగింది.

"మైలోడు, పుల్లోడు" అన్నాడు మాలకొండయ్య వెంటనే.

"మీ అక్క పేరేంది?"

ఆయన రాఘవమ్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "అత్త చిన్నమ్మి చిన్నమ్మి అనే ఏడ్చేది" అంది. మాలకొండయ్య లేచి శ్లాబింట్లోకి పోయాడు. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు, కాగితాలు కదిలిన చప్పుడు వినిపించాయి. పట్టాదారు పాసు పుస్తకం ఉంది, పాత రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, తండ్రి మరణ పత్రం ఉంది. ఊళ్లో తనకంటే పెద్దవాడు ఒకడే మిగిలాడు, ఆయనకు ఫోను చేశాడు. ఆ చెవిటి ముసలాయనకు రెండుసార్లు అరిచి చెప్పాక, ఎద్దుల పేర్లయితే గుర్తుండాయిరా అని ఆయన అనడం ఫోన్లోంచి అరుగు దాకా వినపడింది.

మాలకొండయ్య బయటికి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "నాయన ఈ కత జెప్పినప్పుడల్లా ఎద్దుల పేర్లు జెప్పినాడమ్మా. అక్క పేరు ఒక్కపాలి గూడా జెప్పలా. నేనూ అడగలా" అన్నాడు.

ఆమె సంచి తీసుకుని లేచింది. భోంచేసి పొమ్మని రాఘవమ్మ బతిమాలింది. ఆకలి లేదంది, అది నిజమే. మాలకొండయ్య వద్దన్నా వినకుండా రోడ్డు దాకా వెంట వచ్చాడు. దారిపొడుగునా ఏదో ఒకటి ఇవ్వాలని తాపత్రయపడ్డాడు. చేలో పెసలు పండినాయి ఒక సంచి పట్టుకపోమన్నాడు, నీ బిడ్డ పెళ్లికి నేను రావాల గదా అన్నాడు. ఆ ముసలాయన మీద ఆమెకు కోపం లేదు. రెండేళ్ల పిల్లవాడి తప్పేముంది? కానీ ఆయన గొంతు వింటూ నడవడం మాత్రం ఆమెకు భరించరానిదిగా ఉంది.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డారు. ఎదురుగా దుర్గం కొండ, ఎండకు తెల్లబారి ఉంది.

"రాయి మీద ఏమని రాయిస్తావమ్మా?" అని అడిగాడు మాలకొండయ్య.

"ఎస్తేరమ్మ అని. ఆ పేరు పెట్టి పిలిచినోళ్లన్నా ఉండారు."

ఆయన తల ఊపాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆటో దూరంగా మలుపు తిరిగి కనిపించింది. ఆయన గబగబా, మళ్లీ అవకాశం దొరకదేమో అన్నట్టు, "మా నాయన పేరు కామయ్య" అన్నాడు. "పాత పేరు దొరకలేదు గదా. దాని బదులు కామయ్య కూతురని రాయించు. అంత మాత్రం రాయించమ్మా. మా ఇంటి బిడ్డ గదా."

"వొద్దు మామా" అంది ప్రమీలారాణి. "కామయ్య కూతురు డెబ్బై మూడేళ్ల కిందటే చచ్చిపోయింది. దినాలు గూడా చేసినారు గదా మీరు."

ఆటో ఆగింది. వెనక సీట్లో కూర్చున్న ఆడవాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు. ఆమె ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉదయగిరి వచ్చేదాకా తల తిప్పి వెనక్కి చూడలేదు.